దుప్పి మూలుగ

3 ఫిబ్రవరి 1936

కోదండరామయ్య గారు ఇవాళ మళ్ళీ వచ్చి మాణిక్యాన్ని చూశారు. చాలాసేపు కూర్చున్నారు. వైద్యుడికి చెప్పుకునే మాటలు మొగుడు వినక్కర్లేదని ఆవిడే నన్ను బయటికి పంపింది. అరుగు మీద కూర్చున్నాను. ఆ గది కిటికీ అరుగు పక్కనే. దగ్గు వినిపిస్తూనే ఉంది. అన్నయ్య దగ్గు కూడా ఇక్కడికి ఇలాగే వినిపించేది. గది అదే, మంచం కూడా అదే. నాన్న కూడా అందులోనే పోయాడంటారు గాని, అప్పటికి నాకు ఊహ లేదు.

ఆయన బయటికొచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, నా వంక చూడకుండా చెప్పారు.

"చెయ్యవలసినవన్నీ చేశాం బాబూ. ఇంక ఒక్కటి మిగిలింది. దుప్పి మూలుగ. ఎముకలోంచి తీసి, నేతిలో కాచి, పూటకింత పెట్టాలి. తుపాకీతో కొట్టింది పనికిరాదు, ఆ మందుగుండు విషం మూలుగకెక్కుతుంది. ఉచ్చులో పడ్డదీ పనికిరాదు. బాణం దెబ్బకి పడాలి. ఆ బాణం కట్టుకున్నవాడి చేత్తోనే వెయ్యాలి."

నేను రాజమండ్రిలో ఇంటర్ దాకా వెలగబెట్టినవాణ్ణి. ఏలూరు డాక్టరు జబ్బు పేరు ఇంగ్లీషులో చెబితే అర్థమైనవాణ్ణి. మదనపల్లి శానిటోరియానికి తీసుకెళ్ళమన్నాడు ఆయన. మాణిక్యం ససేమిరా రానంది. ఇంకెవరైనా ఈ దుప్పి కబురు చెబితే పకపకా నవ్వి ఉండేవాణ్ణి. ఇవాళ నవ్వలేదు. వెంటనే సరేనన్నాను. ఎంత వెంటనే అన్నానంటే ఆయనే కొంచెం తెల్లబోయారు.

5 ఫిబ్రవరి

మాణిక్యానికి చెప్పాను, గుమ్మం ఇవతల నుంచే. గడప దాటి రావద్దంటుంది. నేనూ పెద్దగా పట్టుబట్టను.

"మీకు విల్లా అండీ? కాకిని తోలడానికి రాయేస్తే మన పెంకే పగులుతుంది."

"నేర్చుకుంటాను."

"నేర్చుకోండి. నిదానంగా నేర్చుకోండి, తొందరేం లేదు."

తొందర లేదట! ఆడవాళ్ళకి తమ ఒంటి సంగతి తమకే పట్టదు.

9 ఫిబ్రవరి

ఏలూరు వెళ్ళాను. విల్లు నేర్పే మనిషి కావాలి. తాలింఖానాలో కర్రసాము నేర్పే ఆయన్ని అడిగితే, "కత్తి నేర్పుతానండి, కర్ర నేర్పుతానండి. విల్లు రాములవారితోనే పోయిందండి" అన్నాడు. అయినా ఊరికే పంపలేక నాటకాల కంపెనీలో సామాను చూసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళ దగ్గర అర్జునుడి విల్లు ఉంది, బంగారు కాగితం అంటించినది. లాగి చూశాను. చేతిలోనే విరిగింది. ఆ మనిషి ఏడుపొక్కటే తక్కువ. క్షమించమని వచ్చేశాను.

14 ఫిబ్రవరి

తాడేపల్లిగూడెం సంతలో పిట్టలవాళ్ళు కనిపించారు. మట్టి ఉండలు వేసి కొట్టే చిన్న విల్లు ఉంటుంది వాళ్ళ దగ్గర, ఉండేలంటారు. వాళ్ళలో ఒక ముసలాయన నేర్పాడు. మొదటి ఉండ నా బొటనవేలికే తగిలింది. గోరు నల్లబడింది. దీంతో దుప్పి పడుతుందా అని అడిగితే సంతంతా వినేలా నవ్వాడు. పెద్ద విల్లు కావాలంటే మెట్టకి, అడవి వైపు పోవాలట. కామవరపుకోట సంతకి కోయవాళ్ళు దిగుతారట.

ఇంటికొచ్చాక వరహాలమ్మ వేలికి గుడ్డ కట్టింది. ఈ జబ్బున్న ఇంట్లో పనికి ఊళ్ళో ఎవ్వరూ రాకపోతే కొల్లేటి నుంచి వచ్చింది ఈమె. మొగుడు రామకోటి చేపలు పడతాడు. ఆ గదిలోకి మామూలుగా వెళ్తుంది, మామూలుగా వస్తుంది. చేతులు కడుక్కో అని రోజూ చెబుతూనే ఉంటాను.

20 ఫిబ్రవరి

రాత్రి రక్తం పడిందట. వరహాలమ్మ చెప్పింది. తెల్లవారి బస్సుకి వెళ్తున్నాను.

22 ఫిబ్రవరి, కామవరపుకోట

పెదనాన్న కొడుకు హనుమంతరావు ఇంట్లో దిగాను. బస్సు నిండా ద్వారకా తిరుమల వెళ్ళే జనం. ఒక్కరూ దగ్గలేదు. హాయిగా ఉంది.

హనుమంతరావుకి లైసెన్సు తుపాకీ ఉంది. సంగతంతా విని, "ఒరేయ్ ప్రకాశం, వారం రోజులాగు, దుప్పిని నీ ముందు పడేస్తాను" అన్నాడు. తుపాకీ పనికిరాదన్నాను. "అయితే తుపాకీతో కొట్టి, చచ్చాక బాణం గుచ్చు. ఆ వైద్యుడికేం తెలుస్తుందిరా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాణిక్యం ప్రాణంతో ఆటలాడనన్నాను. అతను నొచ్చుకుని, ఇంక ఆ మాట ఎత్తలేదు.

26 ఫిబ్రవరి

దొరికాడు. పేరు సోడె లచ్చయ్య. తేనె, చీపుళ్ళు అమ్ముకోవడానికి సంతకొచ్చాడు. ఒకే బాణంతో పులిని కొట్టానని సంతలో ఎవరితోనో చెబుతున్నాడు. నాకు చెప్పేటప్పుడు రెండు బాణాలయ్యాయి. పొగాకు కాడలిస్తానంటే ఒప్పుకున్నాడు. కాని ముందే ఒక మాట అనేశాడు.

"విల్లు పట్టినాక దొర లేడు, గిర లేడు. నేను నువ్వంటాను. తిడతాను. ఇట్టమైతే రా, లేదా పో."

అతని గూడెం ఇక్కడికి చాలా దూరం. అక్కడే ఓ పాకలో ఉండాలి. హనుమంతరావు భార్య బియ్యం, పచ్చళ్ళు కట్టి ఇచ్చింది. మాణిక్యానికి ఎలా ఉందని ఆవిడ అడిగింది. అలాగే ఉందన్నాను.

12 మార్చి, గూడెం

ఇంతవరకు బాణం చేతికివ్వలేదు. ఉత్త విల్లు లాగడమే పని. విల్లు వెదురు, నారి కూడా వెదురు బద్దే. వదిలినప్పుడల్లా ఎడమ ముంజేతికి ఫెడీమని తగులుతుంది. చర్మం లేచిపోయింది. గోనె ముక్క చుట్టుకున్నాను. "చెయ్యి తిన్నగా కర్రలా పెడితే కొట్టక ముద్దెట్టుకుంటదా?" అని లచ్చయ్య విసుగు. మోచెయ్యి కొంచెం బయటికి తిప్పాలని అప్పుడు చెప్పాడు. మొదటి రోజే చెప్పవచ్చు కదా అంటే, "దెబ్బ తినకుండా చెబితే ఇంటావా?" అన్నాడు.

20 మార్చి

బాణం ఇచ్చాడు. గడ్డిమోపు గురి. ఒక్కటీ తగల్లేదు. ఎడమ కన్ను మూస్తున్నానట. "నువ్వు కన్ను మూస్తే దుప్పి ఆగుద్దా?" రెండు కళ్ళూ తెరిచే వెయ్యాలి, బాణం వంక చూడకూడదు, తగలాల్సిన చోటే చూడాలి. తలకి కొబ్బరినూనె మానేశాను. సబ్బు మానేశాను. వాసన తగిలితే దుప్పి ఆ దరిదాపులకి రాదు.

ఇంటి నుంచి కబురు లేదు. కబురు లేకపోవడమే మంచి కబురు.

28 మార్చి

ఇవాళ కదలకుండా కూర్చోవడం నేర్పాడు. నీటిగుంట దగ్గర, గాలికి ఎదురుగా, పొద పక్కన. తెల్లారగట్ల నుంచి ఎండ నడినెత్తికొచ్చేదాకా. మొహం మీద ఈగ వాలినా తోలలేదు. లచ్చయ్య మొదటిసారి మెచ్చుకున్నాడు, "కుదురున్న మడిసివే" అని. నాకే ఆశ్చర్యంగా ఉంది. ఇంట్లో ఆ గుమ్మం దగ్గర తాంబూలం వేసుకునేంతసేపు కూర్చోలేను. ఇక్కడి గాలి మంచిది, అందుకనే అయి ఉంటుంది.

2 ఏప్రిల్

లచ్చయ్య కుడికంట్లో పువ్వు పడింది. వేట మానేసి చాలా ఏళ్ళయిందట. ఆ సంగతి అతని భార్య చెప్పింది. అడిగితే కోపం తెచ్చుకున్నాడు. "పులిని కొట్టినప్పుడు రెండు కళ్ళూ ఉన్నాయి!" తరవాత మెత్తబడి, కావాలంటే తన కొడుకు చేత దుప్పిని కొట్టిస్తానన్నాడు. వద్దన్నాను. మొగుడి చేతి బాణమే కావాలని వైద్యుడు చెప్పాడన్నాను. నా వంక చాలాసేపు చూసి, చుట్ట ముట్టించుకున్నాడు.

10 ఏప్రిల్, ఇంటి దగ్గర

మాణిక్యం చిక్కిపోయింది. చేతులు చూడలేకపోయాను. కాని మొహంలో కళ ఉంది. విల్లు చూపించమని గొడవ. పెరట్లో గడ్డిమోపు నిలబెట్టాను. వరహాలమ్మ ఆవిడ్ని లేపి కిటికీకి చేరగిలేసి కూర్చోబెట్టింది. మొదటి బాణం మోపు నడిమికి దిగింది. రెండోదీ దిగింది. మాణిక్యం చప్పట్లు కొట్టింది.

"ఏవండీ, ఇంకోటి! ఇంకోటి వెయ్యండి!"

వేశాను. అది గురి తప్పి గోడ మీది పెంకు పగిలింది. "చెప్పానా?" అని ఒకటే నవ్వు. వరహాలమ్మ కూడా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లులా ఉంది. నాకు ఏడుపొచ్చింది. బాణాలేరుకునే వంకతో అటు తిరిగాను.

11 ఏప్రిల్

నాలుగు రోజులుంటానని చెప్పి వచ్చాను. ఇవాళే వెళ్ళిపోతున్నాను. సాధన చెడుతుంది.

3 మే, గూడెం

దుప్పి వచ్చింది. నీళ్ళు తాగడానికి మెడ వంచింది. నా చేతులు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. బాణం దాని వీపు మీదుగా పోయింది. అది ఒక్క క్షణం నా వంక చూసి మాయమైంది. లచ్చయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

4 మే

మాణిక్యం కలలో వచ్చింది. గుర్తుపెట్టుకోదలచుకోలేదు.

17 మే

పడింది.

పొద్దు పొడవకముందే వెళ్ళి కూర్చున్నాను. రెండు పెంటి దుప్పులు, వెనకాల ఒక పోతు. పోతు పక్కకి తిరిగేదాకా ఆగాను. జబ్బ వెనక, పక్కటెముకల మొదట్లో, వెంట్రుకలు సుడి తిరిగిన చోటు మీదే చూపు పెట్టాను. విల్లు లాగినట్టు కూడా తెలియలేదు. గుద్దిన చప్పుడైంది. అది ఎగిరి పొదల్లోకి దూకింది. నేను లేవబోతే లచ్చయ్య నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. తరిమితే పరుగెత్తుతూనే ఉంటుంది, వదిలేస్తే పడుకుంటుంది. ఒక చుట్ట పూర్తిగా కాల్చాడు. అప్పుడు లేచి, ఆకుల మీద నెత్తురు చూసుకుంటూ వెళ్ళాం. ఎర్రటి నురుగు. ఊపిరితిత్తులకి తగిలిందన్నాడు లచ్చయ్య సంతోషంగా.

వాగు గట్టున పడుకుని ఉంది. ఇంకా ప్రాణం ఉంది. నోట్లోంచి నెత్తుటి నురుగొస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల గురగురమంటోంది. ఆ చప్పుడు నాకు బాగా తెలిసిన చప్పుడు. చూడలేక మొహం తిప్పుకున్నాను. లచ్చయ్య దగ్గరికెళ్ళి కత్తితో పని పూర్తి చేశాడు.

తరవాత వచ్చింది చిక్కు. తొడ ఎముక తీసివ్వమంటే లచ్చయ్య అడ్డం నిలబడ్డాడు. "తొలి వేట భూమితల్లిది, ఊరు తింటది. కొట్టినోడి ఇంటి గడప తొక్కకూడదు. తొక్కితే ఇంట్లో మడిసి మీదికొస్తది. రెండోది పట్టుకుపో." గూడెం పెద్దలూ అదే మాటన్నారు. నేను వాదించలేదు. ఊరంతా వండుకుని తిన్నారు, డోలు కొట్టారు. నా నుదుట నెత్తురు బొట్టు పెట్టారు. నేను కూడా కాసేపు ఆడాను.

19 మే, కామవరపుకోట

బియ్యానికని కోటకి దిగాను. హనుమంతరావు మండిపడ్డాడు. "మూలుగ చేతిలో పడితే వదిలేసి వచ్చావా? నువ్వు చదువుకున్నవాడివేనా? ఆ ఆచారం వాళ్ళది, నీకెందుకు?"

మాణిక్యం ప్రాణం మీదికొస్తుందంటే ఎలా తెస్తానన్నాను.

"తెస్తే ప్రాణం మీదికొస్తుంది, తేకపోతే ప్రాణం పోతుంది. నీకేది కావాలో నాకర్థం కావట్లేదురా ప్రకాశం."

ఇంక ఈ ఇంటికి రాకూడదు. వీడికి మర్యాద తెలియదు. వేసవి ముగిసేలోగా రెండోది పడుతుంది. నీటిగుంటలెండుతున్నాయి, దుప్పులు దగ్గరికొస్తాయి.

24 మే, గూడెం

వరహాలమ్మ మొగుడు రామకోటి వచ్చాడు. పాపం, కొల్లేటి మనిషి, ఈ కొండదారుల్లో కాళ్ళు బొబ్బలెక్కాయి.

"అమ్మగారికి బాగాలేదండి. మా ఆడది మిమ్మల్ని రమ్మందండి."

"అమ్మగారు రమ్మన్నారా?"

"లేదండి. అమ్మగారికి చెప్పకుండా వచ్చేనండి."

రేపు బయల్దేరుతున్నాను.

26 మే, ఇంటి దగ్గర

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇంతవరకు అలా రాశానా అని అనుమానంగా ఉంది.

గుమ్మం దగ్గర నిలబడ్డాను. మంచం మీద మనిషి ఉన్నట్టే లేదు, కళ్ళు తప్ప.

"దొరికిందా అండీ?"

ఒకటి పడిందన్నాను. తేలేదన్నాను. ఎందుకు తేలేదో చెప్పాను. ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వులోంచి దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా వరహాలమ్మ ఆవిడ వీపు పట్టుకుంది. మాణిక్యం నోరు తుడుచుకుని, "మీరు ఇంటర్ చదివారు కదండీ" అంది.

"నీ ప్రాణం మీదికి తెస్తానా?"

"సరే, రెండోది కొట్టుకురండి. ఎప్పుడు బయల్దేరతారు?"

ఆ అడగడం నాకు నచ్చలేదు. ఇంక వెళ్ళనన్నాను. ఇక్కడే ఉంటానన్నాను. అని, గడప లోపల కాలు పెట్టాను.

"రావద్దు!" అని అరిచింది. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచిందో తెలియదు. వెనక్కి తీశాను. తరవాత ఆయాసం తగ్గేదాకా ఆగి, వరహాలమ్మని బయటికి పంపి, మెల్లగా చెప్పింది.

"అక్కడే కూర్చోండి. కోదండరామయ్య గారి చేత ఆ మందు చెప్పించింది నేనేనండి."

"ఏ మందు?"

"దుప్పి మూలుగ. అలాంటి మందేం లేదట. పెద్దాయన అబద్ధమాడనన్నారు. చచ్చిపోయేదాన్ని, ఒక్కటడుగుతున్నానని బతిమాలుకున్నాను. తుపాకీ అంటే హనుమంతరావు గారు వారం తిరక్కుండా పడేస్తారు. అందుకని విల్లన్నాం. విల్లు రావాలంటే చాలా కాలం పడుతుందని ఆయనే అన్నారు."

గడప ఇవతలే కూలబడ్డాను.

"బావగారు పోయినప్పుడు మీరు ఆ మంచం పక్కనుంచి కదలకుండా సేవ చేశారు. ఆ తరవాత ఏడాదంతా అర్ధరాత్రి లేచి కూర్చుని, మీ ఊపిరి మీరే వినేవారు. నేను నిద్రపోతున్నాననుకునేవారు. మళ్ళీ ఇంకోసారి ఈ గదిలో కూర్చోలేరండి మీరు."

అప్పుడు చెప్పాను. ఎవరితోనూ అననిది, ఇందులో కూడా రాయనిది. "నేను పిరికివాణ్ణి మాణిక్యం. మందు సంగతి నేను నమ్మలేదు. నమ్మినట్టు వెళ్ళాను. అక్కడ నాకు సుఖంగానే ఉంది."

"తెలుసండి."

"తెలుసా?"

"మీ మొహం నాకు తెలీదా? డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజే మీ కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. ఇవాళ కాకపోతే రేపు వెళ్ళిపోతారు. ఊరికే వెళ్ళిపోతే ఊళ్ళో ఏమంటారు? పెళ్ళాన్ని చావుకొదిలేసి పోయాడంటారు. ఆ మాట పడి మీరు బతకలేరు. మందు కోసం వెళ్ళాడంటే ఎవరూ ఏమీ అనరు కదా."

కోపమొచ్చింది. సిగ్గేసింది. ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పడాలంటే గడప దాటాలి. దాటలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి ఆవిడే అంది, "ఊరుకోండి. ఇంతకీ నిజంగా కొట్టేశారా? నేను మీవల్ల కాదనుకున్నాను. ఆ సంగతి చెప్పండి, వింటాను."

చెప్పాను. చీకట్లో వెళ్ళడం, గాలి చూసుకోవడం, రెండు పెంట్లు, పోతు పక్కకి తిరగడం. మంచి కథ విన్నట్టు కళ్ళు విప్పార్చుకుని వింది. "ఆఁ, తరవాతో?" అంది. దెబ్బ తగలగానే పడిపోయిందని చెప్పాను. వాగు గట్టు సంగతి చెప్పలేదు.

27 మే

వెళ్ళనని ఒట్టేసుకున్నాను. ఆవిడ నిద్రలో ఉండగా లోపలికెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను, వెచ్చగా, పుల్లలా ఉంది. అలాగే ఉండిపోగలననుకున్నాను. అంతలో దగ్గింది. నా చేతి మీద తడి తగిలింది. ఆ తరవాత నాకు తెలిసేసరికి గొడ్లసావిట్లో తొట్టి దగ్గర ఉన్నాను. చేతులు తోముకుంటున్నాను, ఇటుక ముక్కతో. వరహాలమ్మ చూసింది.

29 మే

బస్సులో రాస్తున్నాను.

విల్లు ఇంట్లోనే వదిలేసి వచ్చేద్దామనుకున్నాను. ఇంక అదెందుకు? వీధి మలుపు దాటకముందే వరహాలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఇచ్చింది.

"అమ్మగారు ఇచ్చి రమ్మన్నారండి. చేతిలో ఇది లేకపోతే ఎలా అన్నారండి."

అరుగుల మీద వాళ్ళంతా చూస్తున్నారు. విల్లు భుజానికి తగిలించుకున్నాను. "దొరుకుతుందిలే బాబూ, దేవుడున్నాడు" అన్నాడు ఎవరో ముసలాయన. దణ్ణం పెట్టాను.

31 మే, గూడెం

"మళ్ళీ ఎందుకొచ్చావు?" అన్నాడు లచ్చయ్య.

"మందుకి" అన్నాను.

4 జూన్

గురి బాగా కుదిరింది. ఎగిరే ఆకుని కొడుతున్నాను.

7 జూన్

దుప్పి పడింది. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. లచ్చయ్య తొడ ఎముకలు పగలగొట్టి, మూలుగ తీసి, మోదుగాకుల్లో పొట్లం కట్టి ఇచ్చాడు. "ఇది నీది. తీసుకుపో. బతుకుద్ది" అన్నాడు, నిజంగా నమ్మి. అతనికి నిజం చెప్పలేదు. ఇది మందు కాదని నాకు తెలుసు. అయినా పారెయ్యలేకపోయాను. దీన్ని పట్టుకుంటే ఇంటివైపు కాళ్ళు పడుతున్నాయి.

9 జూన్

నిన్న మధ్యాహ్నం ఊరు చేరాను. మా వీధిలో జనం. మాణిక్యం పొద్దున్నే పోయింది. మాణిక్యం అన్న, మా బావమరిది, వచ్చి ఉన్నాడు. నా కోసమే ఆపారు.

భుజాన విల్లు, చేతిలో ఆకుల పొట్లం. ఆ పొట్లంలో ఏముందో ఊరందరికీ తెలుసు. నన్ను చూసి ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. "ఒక్క పూట ముందొస్తే దక్కేది కదయ్యా" అన్నారు. కోదండరామయ్య గారొక్కరే మొహం పక్కకి తిప్పుకున్నారు. పొట్లం ఎవరు తీసుకున్నారో, ఏం చేశారో తెలియదు. తలకొరివి పెట్టాను.

ఇవాళ గది కడుగుతూ వరహాలమ్మ చెప్పింది.

"ఆఖరి రెండు రోజులూ మిమ్మల్నే పిలిచేరండి. ఏవండీ, ఏవండీ అని. మా ఆయన్ని పంపి పిలిపించనా అమ్మా అన్నాను. వద్దన్నారండి. ఊరికే పిలుచుకుంటున్నానే, ఆయన రాకూడదు అన్నారండి. మళ్ళీ పిలిచేరు."

చెప్పి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ గడప లోపల, ఆ మంచం పట్టె మీద చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు కూర్చోగలుగుతున్నాను. పిలిచేవాళ్ళు లేరు కనక.

18 జూన్

నిన్న పదో రోజు. బంధువులంతా వచ్చారు. హనుమంతరావు కూడా వచ్చాడు. కోటలో నన్ను తప్పుగా అనుకున్నానని, మనసులో పెట్టుకోవద్దని చేతులు పట్టుకున్నాడు. ఆడవాళ్ళు కూతుళ్ళకి నన్ను చూపించి చెప్పుకుంటున్నారు, మొగుడంటే ఇలా ఉండాలని, రెక్కలు ముక్కలు చేసుకుని అడవులు పట్టి తిరిగాడని. మాణిక్యం అనుకున్నట్టే జరిగింది. అంతా ఆవిడ చెప్పినట్టే, పొల్లు పోకుండా.

చెరువు నుంచి వచ్చాక మా బావమరిది నా పక్కన కూర్చున్నాడు. తరవాత అందరూ వింటూండగా అన్నాడు.

"బావగారూ, మా చెల్లెలు అదృష్టవంతురాలండి. నేనైతే నా భార్య కోసం ఇంత చేసి ఉండేవాణ్ణి కాదు. ఉన్న మాట చెబుతున్నాను."

అందరూ నా వంక చూశారు. వరహాలమ్మ విస్తళ్ళు పరుస్తూ ఆగింది. చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను.

"పొద్దుపోతోంది, భోజనాలకి లేవండి" అన్నాను.